ఆరో గడి

మార్చి 2

ఈ సీజన్‌లో ఇది పదకొండో హోటల్. ప్రాక్టీసులో చొక్కాల మీద తొడిగే బిబ్‌లు నేనే ఉతికి షవర్ రాడ్ మీద ఆరేశాను. పదేళ్లు ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను. మోకాలు పోయాక రెండేళ్లుగా అసిస్టెంట్ కోచ్‌ని. అంటే కోన్లు పరవడం, బంతులు ఏరుకోవడం, అందరికంటే ముందు బస్సెక్కి తర్వాత మేం ఆడబోయే జట్టు ఆట చూసి రిపోర్టు రాయడం.

ఇంటికి ఫోన్ చేశాను. ఎవరండీ మీరు, ఎక్కడో విన్న గొంతులా ఉందే అంది మా ఆవిడ. నిజమే. ఇల్లు వదిలి పంతొమ్మిది రోజులైంది.

మార్చి 4

శనివారం మ్యాచ్ తమ్ముడి జట్టుతో. వాడు వాళ్ల గోల్‌కీపర్. వాడి కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఈ మ్యాచ్ చూసి, పొడిగించేదీ లేనిదీ తేలుస్తారట.

ఇవాళ వాళ్ల ఆట చూడటానికి వెళ్లాను. స్టాండ్‌లో నోట్‌బుక్‌తో కూర్చున్న నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఆటయ్యాక గేటు దగ్గరికొచ్చి, ఏంటన్నయ్యా ఆ పుస్తకం, నా మీద కేసు రాస్తున్నావా అన్నాడు. టీ తాగాం. వదిన ఎలా ఉందని అడిగాడు. భుజం ఎలా ఉందని నేను అడగలేదు.

మార్చి 5, మధ్యాహ్నం

గోల్‌కీపర్ పేజీలో గోల్ బొమ్మ గీసి ఆరు గడులు చేస్తాను. పైన మూడు, కింద మూడు. ఒక్కో వైపు కీపర్ ఎంత గట్టో, పదికి మార్కులు వేస్తాను. మా హెడ్ కోచ్ పెద్దాయన మిగతాది చదువుతాడో లేదో గానీ, ఈ పేజీ మాత్రం వదలడు.

తమ్ముడికి పంతొమ్మిదో ఏట కుడి భుజం జారింది. ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే. క్లబ్‌లో చెప్పొద్దని బతిమాలాడు. చెప్పలేదు. అప్పటి నుంచీ కుడివైపు కిందకి వచ్చే బంతి మీద పడేముందు ఒక్క క్షణం ఆగుతాడు. చూసేవాళ్లకి తెలియదు. నాకు తెలుసు.

ఐదు గడులు నింపాను. ఆరోది, కుడివైపు కిందది, చేతకాలేదు. తక్కువ వేస్తే వాణ్ణి పట్టిచ్చినట్టు. ఎక్కువ వేస్తే మా జట్టుని మోసం చేసినట్టు. నా చేత్తో ఇంతవరకూ దొంగ మార్కు పడలేదు. ఖాళీగానే ఇచ్చేశాను.

మార్చి 6

పెద్దాయన పేజీ చూశాడు. ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. కాఫీ తాగుతావా అన్నాడు. బతికిపోయాననుకున్నాను.

మార్చి 7

పెద్దాయన చూపించిన చోట కోన్ పెట్టాను. కీపర్‌కి కుడివైపు, కింద మూల. పొద్దంతా మావాళ్ల చేత అక్కడికే కొట్టించాడు.

మార్చి 8, సాయంత్రం

రెండు–సున్నా. గెలిచాం. రెండూ ఆ మూలకే.

రెండో గోల్ పడ్డాక తమ్ముడు లేచి బంతి కోసం వలలోకి వెళ్లాడు. మా బెంచి వైపు చూస్తాడేమోనని తల దించుకున్నాను. చూశాడో లేదో తెలియదు.

బస్సులో పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. రెండేళ్లలో నువ్వు ఒక్క గడి ఖాళీగా వదల్లేదు, మీ తమ్ముడి లోపం నీ నోటితో చెప్పించడం ఇష్టం లేకపోయింది అన్నాడు. నా భుజం తట్టి ముందు సీటుకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

చెప్పకుండా ఉన్నాననుకున్నాను. చెప్పేసి కూర్చున్నాను.

మార్చి 9

ఆవిడకి అంతా చెప్పాను. నాకు చెబితే ఏం లాభం, తోడబుట్టినవాడికి చెప్పండి, అదీ ఫోన్‌లో కాదు అంది. ఇంటికి రావడం ఇంకో రెండ్రోజులు పడుతుందన్నాను. వచ్చేముందు ఫోటో ఒకటి పంపండి, గుర్తుపట్టడానికి అంది. పెట్టేసే ముందు, తిన్నారా అని అడిగింది.

మార్చి 10

తమ్ముడి గదికి వెళ్లాను. భుజం మీద ఐస్ పెట్టుకుని తలుపు తీశాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. గడి సంగతి, కోన్ సంగతి. మంచం అంచున కూర్చుని విన్నాడు.

కాంట్రాక్టు మూడు నెలలే పొడిగించారట. ఆలోగా ఆ వైపు బాగుపడకపోతే వేరేవాణ్ణి చూసుకుంటామన్నారట. భుజం సంగతి ఫిజియోకి తనే చెప్పేశాడట, తొమ్మిదేళ్లకి.

ఏడు వేసి పడేస్తే పోయేదిగా, ఎవడడుగుతాడు అన్నాడు. ఏడు రాదురా అన్నాను. ఐదు? అన్నాడు. తల ఊపలేదు. నాలుగైనా వెయ్యవా అన్నాడు. మూడు, అన్నాను.

సొంత తమ్ముడికి మూడు, అని నవ్వాడు. నాకూ ఆగలేదు. భుజం పట్టుకుని, నవ్వించకు నొప్పెడుతోంది అన్నాడు. వాడి ఐస్ కరిగి దుప్పటి తడిసింది. ఇద్దరం కలిసి మార్చాం.

రేపు నీకు సెలవేనా అని అడిగాడు.

మార్చి 11, ఉదయం ఆరు

ఖాళీ గ్రౌండ్. మంచు. కుడివైపు కిందకి ఇరవై బంతులు, మెల్లగా చేత్తో దొర్లించాను. పదకొండు ఆపాడు. ఇరవై ఒకటోది తన్నమన్నాడు.

తన్నాను.