దుమ్ము పడకుండా

అమీర్‌పేట,
మే 2004

చిరంజీవి మేనల్లుడు ప్రమోద్‌కు ఆశీస్సులు.

గాలిలో దుమ్మును కొలవడానికి పది దేశాలు కలిసి ఇచ్చిన యంత్రాన్ని మా డాబా మీద పెట్టించావు. కింద కోచింగ్ సెంటర్ల జనరేటర్లు రోజంతా పొగ చిమ్ముతున్నా, ఇక్కడి గాలి శుభ్రంగా ఉందని నీ లెక్కలు చెబుతున్నాయి. మీ అత్తయ్య ఆయాసం సంగతి చెబితే, మా హరిణి పెళ్లిలో నలుగురి ముందు నాది చాదస్తమన్నావు.

నిన్న డాబా ఎక్కి చూశాను. యంత్రానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, తాడుతో బిగించి ఉంది. వాచ్‌మన్ రాజనర్సయ్యను అడిగాను.

"మస్తు కిమ్మతిది సారూ. దుమ్ము పడితే ఖరాబైతదని ప్రమోద్ సారే కప్పమన్నడు," అన్నాడు.

ఇన్నేళ్లుగా ఇన్ని పుస్తకాలు చదివాను. దుమ్మును కొలిచే యంత్రానికి దుమ్ము తగలకుండా చూసుకున్నవాడు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

వచ్చే వారం ఆ దేశాల సభలో నువ్వు ఈ లెక్కలే చదువుతావట. అవి నమ్మి, మన ఊరికి సాయం అక్కర్లేదని వాళ్లు వెళ్లిపోతే, ఇక్కడ ఊపిరాడనివాళ్ల గతేమిటి? కవరు నేను తీసేశాను. సభలో నిజం చెప్పు. చెప్పకపోతే వాళ్లకు నేనే రాస్తాను.

"వాడి ఉద్యోగానికి ముప్పండీ, రాయకండి," అని మీ అత్తయ్య బతిమాలింది. ఆ ఒక్క మాట పూర్తిచేయడానికి మధ్యలో గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

మీ మామయ్య