కుంటడం మరచిపోయిన రోజు

మంగళవారం, రాత్రి

ఈరోజు కుంటడం మరచిపోయాను!

రెండు నెలలుగా ప్రతి మంగళవారం మోకాలి నొప్పికని చెప్పి తాండూరు నుంచి వికారాబాద్ పోతున్నాను. నిజానికి పోయేది ఆస్పత్రిలో కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి. పొద్దున లేవబుద్ధి కాదు, అన్నం సయించదు, ఊరికే ఏడుపొస్తుంది. డిప్రెషన్ అంది మేడమ్. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పేది? మోకాలంటే అందరికీ అర్థమవుతుంది. అందుకే ఇంట్లో కుంటుతూ తిరిగాను. అత్తమ్మ రోజూ వేడి నూనెతో కాలు రుద్దుతుంటే సిగ్గుతో చచ్చేదాన్ని.

ఇవాళ మేడమ్ దగ్గర మొదటిసారి గట్టిగా నవ్వాను. ఆ ఊపులోనే స్టేషన్ నుంచి గబగబా నడిచొచ్చాను. గడప దాటాక గుర్తొచ్చింది. కందులు చెరుగుతూ అత్తమ్మ చూస్తోంది.

"మోకాలికేం కాలేదత్తమ్మా. మనసు బాగలేదు. గందుకే పోతున్న," అనేశాను.

ఆమె చేట ఆపలేదు. "నాకెర్కే బిడ్డా. ఒకరోజు కుడికాలు కుంటినవ్, ఒకరోజు ఎడమకాలు."

"మరి నూనె ఎందుకు రాసినవ్?"

"నువ్వు ఏ కాలు చూపిస్తె గా కాలుకే రాసిన. నొప్పి యాడనో ఒకకాడ ఉన్నదని ఎర్క. నువ్వు చెప్పేదాంక ఆగిన."

మా ఆయనకింకా చెప్పలేదు. పిచ్చి అంటాడేమో... అననీ. చెప్పడం ఇప్పుడు నాకొచ్చు.

ఇందాక అత్తమ్మ మళ్లీ నూనె గిన్నె తెచ్చింది. ఈసారి రెండు కాళ్లూ చాపాను.