మా పళ్ళ డాక్టర్ మీద నేను రాస్తున్న పుస్తకం

1వ తేదీ, ఉదయం 5.10
లేచాను! అలారం కంటే ముందే లేచాను! నేటి నుంచి రోజుకి రెండు పేజీలు. ఇరవై ఒక్క రోజుల్లో పుస్తకం పూర్తి. ఈ మాటే మా ఆయన్ని లేపి చెప్పాను. దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

నెల రోజులుగా పేపర్లన్నీ మా డాక్టర్ గురించే రాస్తున్నాయి. రాసేవాళ్ళలో ఒక్కడికైనా ఆయన తెలుసా? పన్నెండేళ్ళు ఆ క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చున్నది నేను. పార్ట్‌నర్ డాక్టర్‌ని ఆయనింట్లోనే పట్టపగలు గొంతు నులిమి చంపిన మనిషికి రోజూ టీ కలిపిచ్చింది నేను!

పేరు: "హంతకుడి రిసెప్షనిస్టు". అదిరింది.

నియమాలు:
ఫోన్ ముట్టను.
రెండు పేజీలు అయ్యేదాకా టీ లేదు.
ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

5.40. పేరు కింద గీత గీశాను. ఇంకో గీత గీశాను. టీ తాగాను. తలనొప్పికి తాగితే నియమం కిందికి రాదు.

2వ తేదీ
రెండున్నర పేజీలు!! మొదటి అధ్యాయం, "తొలిచూపులోనే అనుమానం". ఇంటర్వ్యూ నాడే ఆయన కళ్ళలో ఏదో చూశానని రాశాను. నిజానికి ఏమీ చూళ్ళేదు. మాస్కు, దాని పైన కళ్ళద్దాలు, వాటి పైన దీపం. పైగా ఉద్యోగం వస్తుందో రాదో అని నా కంగారు నాది. అయినా పుస్తకమన్నాక కళ్ళుండాలి.

అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కట్టుడు పళ్ళు మా డాక్టర్ చేసినవే. "ఇంత చక్కగా అమిరే పళ్ళు చేసినవాడు మనిషిని చంపుతాడా అమ్మాయ్?" అన్నారు, ఆ పళ్ళతోనే.

4వ తేదీ
నిన్న రాయలేదు. వాషింగ్ మెషీన్ ఇల్లంతా నీళ్ళు చేసింది. ఇవాళ బాకీ తీరుస్తా.

హంతకుడి లక్షణాలు (నేను కళ్ళారా చూసినవి):
పిల్లలకి పన్ను పీకితే, దాన్ని కడిగి చిన్న డబ్బాలో పెట్టి ఇస్తాడు.
సూది గుచ్చేటప్పుడు పేషెంట్ కంటే ముందు తనే "అబ్బా" అంటాడు.
నా పుట్టినరోజు ఏనాడూ మర్చిపోలేదు.

మా ఆయనకి నా పుట్టినరోజు ఒక్కసారీ గుర్తులేదు. ఈ లెక్కన హంతకుడు మా ఇంట్లోనే ఉన్నాడు.

6వ తేదీ
రెండో అధ్యాయం, "క్లినిక్ రహస్యాలు". పెన్ను ఆగలేదు!

ఉద్యోగంలో చేరిన రోజే నాకు ఒక మాట నేర్పారు. ఎవరు ఫోన్ చేసినా, "డాక్టర్ గారు పేషెంట్‌తో ఉన్నారండీ." తింటున్నా అదే. పడుకున్నా అదే. బయటికెళ్ళినా అదే. ఒకసారి ఆయన భార్య నా ఎదురుగా నిలబడి అడిగితే కూడా అదే అన్నాను, లోపల్నుంచి గురక వినిపిస్తుంటే! అపాయింట్‌మెంట్ పుస్తకంలోనూ ఖాళీ గడి కనిపించకూడదు. ఖాళీగా ఉంటే "చెకప్" అని రాసేసేదాన్ని.

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంత బాగా రాస్తానని నాకే తెలీదు.

8వ తేదీ
మూడో అధ్యాయం, "ఆ మధ్యాహ్నం". పేరు రాశాను. వంటింటి అలమారా సర్దాను. పప్పుల డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. కంటికి ఎంత బాగుందో!

9వ తేదీ
పేపర్లో పడ్డాను! "పద్దెనిమిదిన బెయిలు విచారణ. రిసెప్షనిస్టు వాంగ్మూలమే కీలకమంటున్న డాక్టర్ లాయరు." అత్తగారు కత్తిరించి దాచారు.

మా ఆయన మాత్రం కంచంలోంచి తలెత్తకుండా అడిగారు. "ఇంతకీ ఆ రోజు ఇన్‌స్పెక్టర్‌కి ఏం చెప్పావ్?"

"అన్నీ పుస్తకంలో వస్తాయి లెండి," అన్నాను.

10వ తేదీ
మెడ పట్టేసింది.

11వ తేదీ
పెన్ను సరిగ్గా రాయట్లేదు. కొత్త పెన్ను కొనాలి. నీలం ఇంకు పుస్తకాలకి పనికిరాదని ఎక్కడో చదివాను.

13వ తేదీ
ఇవాళ ఆవిడ ఇంటికొచ్చింది. పార్ట్‌నర్ డాక్టర్ భార్య. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ రోజు మూడింటికి నేను మా అక్క ఇంటి నుంచి క్లినిక్‌కి ఫోన్ చేశాను, గుర్తుందామ్మా? మా ఆయన ఫోన్ ఎత్తట్లేదు, డాక్టర్ గారిని ఒకసారి మా ఇంటికెళ్ళి చూడమను అన్నాను. పేషెంట్‌తో ఉన్నారు, అవ్వగానే పంపిస్తానన్నావు."

తలూపాను.

"ఎవరమ్మా ఆ పేషెంట్? వాళ్ళిల్లెక్కడో చెప్పు చాలు. డాక్టర్ గారు మా పక్కనే ఉన్నారని వాళ్ళు నా మొహం చూసి చెబితే, ఇంక నేను ఆయన్ని ఒక్క మాటనను."

"పుస్తకం చూసి చెప్పాలండీ," అన్నాను. అపాయింట్‌మెంట్ పుస్తకం పోలీసుల దగ్గరుంది. చూసినా ఏముంటుంది? "చెకప్" అని నా రాతే ఉంటుంది.

15వ తేదీ
రాయలేదు. టీ ఆరుసార్లు. ఫోన్ పొద్దస్తమానం.

16వ తేదీ
సరే. ఉన్నది ఉన్నట్టు.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి, మూడింటి నుంచి నాలుగింటి దాకా డాక్టర్ ఎక్కడున్నారని అడిగాడు. హత్య సంగతి అప్పటికి నాకు తెలీదు. "పేషెంట్‌తో ఉన్నారండీ" అని నోరు దానంతటదే అనేసింది. మర్నాడు కాగితం తెచ్చారు. "మీరు చెప్పింది ఇదేగా?" అప్పటికి నాకు అంతా తెలుసు. కాదంటే నన్ను ఏమంటారో అని భయమేసింది. సంతకం పెట్టాను.

ఎల్లుండి ఆయన ఆ సంతకం పట్టుకుని బయటికొస్తాడు.

నాకు సిగ్గుగా ఉంది.

17వ తేదీ
ఉదయం పది. పోలీస్ స్టేషన్. నేను సంతకం పెట్టింది అబద్ధమని చెప్పాను.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పుస్తకం రాస్తున్నానండీ."

ఆయన నా వంక అలాగే చూశాడు. "కేసు మీ మీదికీ రావచ్చు, తెలుసా?"

"తెలుసండీ," అన్నాను. తెలీదు. మా ఆయన పక్కనే కూర్చుని నా సంచీ పట్టుకున్నారు.

మధ్యాహ్నం ఆవిడకి ఫోన్ చేశాను. "పేషెంట్ ఎవరూ లేరండీ. డాక్టర్ గారు రెండున్నరకే బయటికెళ్ళారు."



"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే, పక్కింటివాళ్ళని పంపేదాన్ని కదమ్మా," అంది. పెట్టేసింది.

18వ తేదీ
బెయిలు ఇవ్వలేదు. అన్నం సహించలేదు.

19వ తేదీ, ఉదయం 5.30
లేచాను. అలారం రెండుసార్లు మోగాక.

పాత పేజీలన్నీ చింపేశాను. పేరు తర్వాత పెట్టొచ్చు. నేటి నుంచి రోజుకి ఒక్క పేజీ. పోనీ, అర పేజీ.

మొదటి అధ్యాయం. మొదటి వాక్యం:

"ఆ రోజు మూడింటికి ఆవిడ ఫోన్ చేసినప్పుడు, డాక్టర్ గది తలుపు తెరిచే ఉంది, లోపల కుర్చీ ఖాళీగా నాకు కనబడుతూనే ఉంది."