ఆ గేటుకు తాళం

అమ్మా,

కోదాడల మనం కిరాయికున్న ఇల్లు ఇయ్యాల ఖాళీ అయింది. నేను చెయ్యలే, చేయించిన్రు.

బిడ్డ కాపురానికి ఇల్లు కావాలని ఓనర్ సారు కోర్టుకెక్కిండు. నాకు నోటీసొచ్చింది. వాయిదాలకు తిరిగిన. జడ్జి నా మాట గూడ ఇన్నడు, ఇల్లు ఎతుక్కోనీకి గడువు ఇచ్చిండు. ఒంటరి ఆడదానికి ఇల్లెవరిస్తరు? గడువు దాటింది. పొద్దున కోర్టు అమీను వచ్చి సామాన్లు బయట పెట్టించిండు. పాపం, ఒక్క గిన్నె సొట్టవోకుండ సూసిండు. నీ ఫోటో తెచ్చి గేటు పక్కన గోడకు ఆనించిండు.

"గాడ వద్దు సార్" అన్న.

"ఎందుకమ్మా?" అన్నడు. ఫోటో తీసి ఒళ్లె పెట్టుకున్న.

సూర్యాపేట దవాఖాన నుంచి నిన్ను తెచ్చిన నాడు, కిరాయింట్ల పీనుగను పెడితే ఇల్లు మైలపడతదని ఓనర్ గేటు తాళం తియ్యలే. చినుకులు పడుతుంటే ఆ గోడ పక్కనే నిన్ను పండబెట్టినం. రోజూ మన వాకిలితో పాటు ఆయన వాకిట్ల గూడ ముగ్గేసినదానివి నువ్వు.

నన్ను ఎల్లగొట్టనీకి ఆయనకు వకీలు, వాయిదాలు, జడ్జి, అమీను అందరూ కావాల్సొచ్చిన్రు. నిన్ను ఎల్లగొట్టనీకి ఒక్క తాళంకప్ప సరిపోయింది.