చెరగని ఎరుపు

ప్రావిడెన్స్, అమెరికా, మంగళవారం

అమ్మా, నేను కులాసా, చలి అలవాటైంది. ఇక్కడి లైబ్రరీలో మన మెక్సికో నుంచి, అదీ మన ఓహాకా నుంచే వచ్చిన నాలుగొందల ఏళ్ల నాటి కాగితం మీద ఎర్రటి వేలిముద్ర ఉంది. కాగితాలు చూసుకునే విట్లాక్ గారు అది రక్తమన్నారు.

"రక్తమైతే ఈపాటికి నల్లబడేదండీ. ఇది నాగజెముడు మొక్క మీది పురుగుల్ని నూరి మా అమ్మ ఉన్నికి వేసే రంగు. మా ఇంట్లో మొక్కజొన్న రొట్టెలకీ అంటేది" అన్నాను.

"ఆ మాట వచ్చే నెల ఇక్కడ జరిగే సభలో చెప్పండి" అన్నారు. నా ఫెలోషిప్ మూడు నెలలు పెంచారు, ఇంటికి రావడం ఆలస్యమవుతుంది, కోప్పడకు.

తమ్ముడి దగ్గు తగ్గిందా? నా మగ్గం మీద కోళ్లని ఎక్కనివ్వకు.

నువ్వు నా బడికి వచ్చినప్పుడల్లా ఆ ఎర్రటి చేతులు శాలువాలో దాచుకోమనేదాన్ని, గుర్తుందా? తమ్ముడి చేత జవాబు రాయించి, కింద నీ వేలిముద్ర వెయ్యి. చెయ్యి కడుక్కోకు. సభలో అందరికీ చూపిస్తాను.

నీ ఎలొయీనా