ఊట చేను పక్క తోట

కార్న్‌వాల్ పడమటి కొసన నాన్స్‌వెర్న్‌లో కాపురముంటున్న పెట్రాక్ నాన్‌కారో అనే నేను, ఎనభై ఒకటో ఏట, మతి నిలకడగానూ మనసు పూర్తిగా విరిగీ ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా ఇది. మునుపు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత మా వకీలు ఈడిత్ రోస్‌వార్న్ గారిది.

౧. మా అన్న కొడుకు జెరెన్స్ నా పెరటి తోటను కార్లు నిలుపుకోవడానికి అడుగుతున్నాడు. వాడికి సెంటు నేల కూడా చెందదు. పక్క చేను కొని, సెలవులకొచ్చే వాళ్ల కోసం అందులో ఇళ్లు లేపాడు. ఆ చేను పేరు పార్క్ ఫెంటెన్. మా కోర్నిష్ భాషలో ఊట చేను అని. పాత పటం చూపించి చెబితే, "పేర్లు చూసుకుంటూ ఇళ్లు కడతారా బాబాయ్, నీ చాదస్తం గానీ" అన్నాడు. ఇప్పుడు వాడి వంటిళ్లలో నీళ్లు ఊరుతున్నాయి. వాడికి నా రబ్బరు బూట్లు ఇస్తున్నాను.

౨. మా ఊరి చరిత్ర సంఘం వారు నా తోటలో కోర్నిష్ నేర్చుకుంటామని వచ్చి, మాసిపోని ప్యాంట్లతో పార పట్టుకుని ఫొటోలు దిగారు. తిన్న పాస్టీల, అంటే మాంసం కూరిన కజ్జికాయల, అంచులు నా చిక్కుడు మడిలో పారేశారు. అవన్నీ ఏరింది నేనే. నా పేడకుప్పను సభ్యులందరూ సమానంగా పంచుకోగలరు.

౩. న్యూలిన్ రేవులో చేపలు కోసే టామ్సిన్ హాకింగ్‌కు నా తోట, పనిముట్లు, చేల పేర్లు రాసుకున్న నోటు పుస్తకం సర్వహక్కులతో చెందాలి. కోర్నిష్ పాఠాలకొచ్చిన మొదటి రోజు ఆమె దగ్గర చేపల కంపు కొడుతోందని అందరూ జరిగి కూర్చున్నారు. నేనూ కుర్చీ జరుపుకున్నాను. ఆ పనికి నా మీద నాకే రోత. ఆమె మాత్రం, "పెద్దాయనా, ఆ కాగితాలు పక్కన పెట్టు. కలుపు తీస్తూ ఆ చేల పేర్లు చెప్పు, నాకు గుర్తుంటాయి" అంది. చెప్పాను. గుర్తున్నాయి.

౪. పై ఆస్తికి ఒకే షరతు. మా అమ్మ ఏటా గుడ్‌ఫ్రైడే నాడు బంగాళాదుంపలు నాటుతూ ఒనన్, డ్యూ, ట్రీ, పెస్వర్, పింప్ అని కోర్నిష్‌లో గట్టిగా లెక్కపెట్టేది. ఆమెకు ఆ భాషలో మిగిలినవి ఆ ఇరవై అంకెలే. నాకు పదేళ్లప్పుడు బడి స్నేహితులు గోడ మీద కూర్చుని నవ్వుతుంటే, "నోరు మూసుకోవే, పరువు తీస్తున్నావు" అన్నాను. మరుసటేడు ఆమె ఇంగ్లీషులో లెక్కపెట్టింది. చనిపోయేదాకా అంతే. ఆ అంకెలు నేను అరవయ్యో ఏట పుస్తకం కొని నేర్చుకున్నాను.

కాబట్టి టామ్సిన్ ఏటా ఆ రోజున మొదటి ఇరవై దుంపలు కోర్నిష్‌లో లెక్కపెట్టి నాటాలి. లెక్క తప్పినా ఫర్వాలేదు. గోడ మీద ఎవరు కూర్చున్నా గొంతు మాత్రం తగ్గించకూడదు.

౨౦౨౩ ఏప్రిల్ ౬, గురువారం. రేపు దుంపలు నాటాలి.

(సంతకం) పెట్రాక్ నాన్‌కారో

మా ఎదుట సంతకం చేశారు:
హన్నిబాల్ ట్రెగియర్, తాపీ మేస్త్రీ
లవ్‌డే పెంగెల్లీ, చర్చి గంట మోగించే మనిషి