మందు పెట్టింది ఎవరు

మరిది మల్లేశంకు వదిన రాస్తున్నది.

నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు కనుక దుబాయికి ఈ ఉత్తరం. నా దగ్గరే ఉంటున్న నీ కొడుకు రంజిత్‌కు కుడిచెయ్యి లేవడం లేదు, మాట తడబడుతోంది. "మా వదిననే అన్నంల మందు పెట్టింది" అని ఊరివాళ్లకు ఫోన్ చేసి చెప్పావట. ఆ రోజు నుంచి రాయికల్‌లో నా పక్కన కూర్చుని ఎవరూ బీడీలు చుట్టడం లేదు.

నిన్న డాక్టర్ స్కానింగ్ చూశాడు. మెదడుకు రక్తం సరిగ్గా అందడం లేదట. రెండేళ్లుగా గంజాయి తాగుతున్నానని రంజిత్ ఒప్పుకున్నాడు. దానికే రక్తనాళాలు బిగుసుకుపోయి ఉంటాయన్నాడు డాక్టర్.

నువ్వు సెలవుల్లో వచ్చినప్పుడు వాడి జేబులో దొరికిన పొట్లం తెచ్చి నీ చేతిలోనే పెట్టాను. "ఆకే గదా వదినా, కల్లుకంటే నయం" అని నవ్వి, వాడికే తిరిగిచ్చావు.

మందు పెట్టింది ఎవరో ఊరికి ఇప్పుడు నువ్వే చెప్పు. చెప్పినా చెప్పకున్నా, చెయ్యి లేవని వాడికి అన్నం తినిపిస్తున్నది నేనే.